చెట్టు మందులూ, చక్కెర వ్యాధీ

మన తెలుగువారిళ్ళల్లో చక్కెర వ్యాధి మాట వస్తే చాలు, చెట్టు మందుల మాట వెనకాలే వస్తుంది. పొడపత్రి ఆకు, నేరేడు గింజల పొడి, కాకర రసం, నానబెట్టిన మెంతులు, తిప్పతీగ, బిళ్ళగన్నేరు. ఇండియా నుండి వచ్చే అమ్మానాన్నల పెట్టెల్లో ఆవకాయ సీసాలతో పాటు ఈ పొట్లాలు కూడా సర్రీ చేరుతున్నాయి. వీటిలో మందు గుణం వుందా? వుంటే, డాక్టరు రాసిన మాత్రలు మానేయవచ్చా? ఇవి రెండు వేరు వేరు ప్రశ్నలు. మొదటిదానికి ‘అవును’ అనగానే రెండోదానికీ అదే జవాబు అనుకోవడంలోనే చిక్కంతా వుంది.

మొక్కల్లో మందు లేదని మేము అనడం లేదు. మనలో చాలామంది వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్రకు మూలం యూరప్‌లో పెరిగే గెలీగా అనే మొక్క. అందులోని పదార్థం చక్కెరను తగ్గించేది, కాని విషం కూడా. ఆ కుటుంబానికే చెందిన మెట్‌ఫార్మిన్ 1922లో డబ్లిన్‌లో తయారైంది. పారిస్‌లో 1957లో రోగుల మీద ఫలితాలు ప్రకటించారు. కెనడాకు 1972లో వచ్చింది.

బిళ్ళగన్నేరు కథ మరీ చిత్రమైనది, పైగా కెనడాలోనే జరిగింది. 1921లో టొరాంటోలో బాంటింగ్‌కు సహాయకుడిగా ముందు ఎవరు చేరాలని ఇద్దరు విద్యార్థులు నాణెం ఎగరేసి తేల్చుకున్నారట. గెలిచిన బెస్ట్ ఇన్సులిన్ చరిత్రకెక్కాడు. ఓడిన క్లార్క్ నోబుల్ డాక్టరయ్యాడు. 1952లో ఆయనకు జమైకా నుండి బిళ్ళగన్నేరు ఆకులు వచ్చాయి. అక్కడివారు చక్కెర వ్యాధికి ఆ కషాయం తాగేవారు. వెస్టర్న్ అంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధకుడైన తమ్ముడు రాబర్ట్‌కు ఆయన ఆ ఆకులు పంపాడు. ఎలుకలకిచ్చి చూస్తే రక్తంలో చక్కెర దాదాపు కదలలేదు, తెల్లకణాలు మాత్రం పడిపోయాయి! రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ కలిసి 1958 నాటికి ఆ ఆకు నుండి విన్‌బ్లాస్టిన్ తీశారు. అది నేటికీ రక్తపరీక్షలు చూసుకుంటూ ఇచ్చే క్యాన్సరు మందు. పరగడుపున ఆ ఆకు నమిలేవారు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

ఇక వంటింటి దినుసులు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1990లో ప్రకటించిన పరిశోధనలో, మెంతిపిండి కలిపిన భోజనంతో రక్తంలో చక్కెర తగ్గింది. ఐతే వారిచ్చింది నూనె తీసిన పిండి, రోజుకు 100 గ్రాములు! చెంచాడు నానబెట్టిన మెంతులు అంత పని చేస్తాయని ఆశించకూడదు. కాకర మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి 2012లో కోక్రేన్ సంస్థ సమీక్షించి, సాక్ష్యం చాలదని తేల్చింది. స్కాట్ రోడ్డు దుకాణాల్లో దొరికే కాకరకాయలు, మెంతికూర కూరగా నిక్షేపంగా తినండి. పొడపత్రి నమిలితే కాసేపు పంచదార ఇసుకలా వుంటుంది. ఐతే నాలుకకు తీపి తెలియనంత మాత్రాన రక్తంలో తీపి పోయినట్లు కాదు. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సంగతి 2021లో ముంబయి వైద్యులు బయటపెట్టారు.

పొడుల సంగతి వేరే చెప్పాలి. 2004లో ప్రకటించిన ఒక పరిశోధనలో, అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే, 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనబడింది. కెనడాలో అనుమతి పొందిన మూలికా మందు సీసా మీద ఎన్.పి.ఎన్. అని ఎనిమిదంకెల నంబరు వుంటుంది. పేరు లేని పొట్లానికి ఆ పూచీ లేదు.

అన్నిటికంటె పెద్ద ప్రమాదాలు రెండు. గ్లైక్లజైడ్ మాత్రో ఇన్సులినో తీసుకుంటూ, వాటిపైన రోజూ కాకర రసమో పొడులో మొదలుపెడితే చక్కెర మరీ పడిపోవచ్చు. ఇక్కడి మీటరులో 4 కంటె తగ్గితే, అంటే ఇండియా లెక్కలో 72 కంటె తగ్గితే, వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. రెండోది, ఇన్సులిన్ మానేయడం. 1922 జనవరిలో టొరాంటోలో 14 ఏళ్ళ లెనార్డ్ థాంప్సన్‌కు ఇన్సులిన్ అందేదాకా, టైప్ 1 వ్యాధి వచ్చిన పిల్లలు ఎక్కువకాలం బ్రతికేవారు కాదు. చెట్టు మందులు అప్పుడూ వున్నాయి కదా!

కనుక మేము కోరేది ఒక్కటే. ఏ ఆకు నమిలినా, ఏ పొడి మింగినా, ఆ సంగతి ఫ్యామిలీ డాక్టరు దగ్గర దాచకండి. మాత్రలతో పాటు ఆ పొట్లాన్నీ తీసుకువెళ్ళి బల్ల మీద పెట్టండి. డాక్టరు నవ్వుతాడేమోనని మొహమాటపడే పెద్దల వెంట పిల్లలు వెళ్ళి చెప్పాలి. సందేహం వస్తే 8-1-1కు ఫోను చేసి నర్సును అడగవచ్చు. మందు అని నమ్మి వాడేదాన్ని మందులాగే చూడాలి: మోతాదు తెలియాలి, ఫలితం మీటరులో కనబడాలి, డాక్టరుకు తెలిసివుండాలి.