ఇంటర్వెల్లో మెక్సికో!

మెక్సికన్ హోటల్లో టాకో తినాలంటే గుడివాడ కుర్రకారు పట్నం బస్సెక్కాల్సిందే. మరి బందరు హాల్లో ఇంటర్వెల్‌కి నమిలే పాప్‌కార్న్ సంగతేమిటి? మొక్కజొన్న పుట్టిల్లు మెక్సికోయే కదండీ! మన మిరపకాయదీ ఆ ఊరే. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలెక్కి వచ్చింది.

అక్కడివాళ్లు మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. సున్నమంటే మన కిళ్లీలో వేసేదే! దాంతో పొట్టు ఊడుతుంది, పిండి అతుక్కుంటుంది. ఆ పిండితో రొట్టె కాల్చి, మడిచి, కూర పెడితే టాకో. మసాలా దోసె తిన్న నోటికి వింతేం కాదు, బిల్లు చూస్తేనే వింత!

అసలు తగువు పొలంలో ఉంది. కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చేలో మినుము చల్లడం అలవాటు. పల్లాకు తెగులు, బంగారుతీగ పీడించేసరికి చాలాచోట్ల రైతులు వరి కోశాక దున్నకుండానే మొక్కజొన్న పెట్టేశారు. మినుము పోతే మినపట్టేదీ, గారె ఏదీ?

ఘంటసాల అనగానే మీకు పాట గుర్తొస్తుంది. దివి వైపు ఆ పేరుతో ఊరుంది. అక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం పల్లాకు తెగులును తట్టుకునే మినుము రకం తెచ్చింది. దాని పేరు జీబీజీ-1, అంటే ఘంటసాల మినుము-1.