అలాస్కాకి పంపేసిన ఆఫీసరూ, మా ముగ్గురి ర్యాంకింగూ

ముందే చెప్తున్నా, ఇందులో 'మిషన్ ఇంపాజిబుల్' సిరీస్ మొత్తానికీ స్పాయిలర్లు ఉన్నాయి. చివరి పార్ట్ చూడనివాళ్లు చూసొచ్చాకే చదవండి. తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

మేం ముగ్గురం. బీటెక్‌లో ఒకే హాస్టల్ రూమ్. ఒకడిది నెల్లూరు, ఒకడిది సిరిసిల్ల, నాది ఏలూరు. హాస్టల్లో అసలు పేర్లతో ఎవరికి పని? ఇప్పటికీ ఊరి పేర్లతోనే పిలుచుకుంటాం. మా వాట్సాప్ గ్రూప్ పేరు 'ఐఎంఎఫ్'. ఈథన్ హంట్ పనిచేసే ఏజెన్సీ పేరది. ఒకసారి నా ఫోన్‌లో అది చూసి మా నాన్న "అప్పులేమైనా చేశావా?" అని కంగారుపడ్డారు.

ఈ గ్రూప్‌కి ఒకటే పని. కొత్త పార్ట్ వచ్చినప్పుడల్లా సిరీస్ మొత్తానికీ మళ్లీ మొదట్నుంచి ర్యాంకులివ్వాలి. విడివిడిగా రాసుకుని ఒకే టైమ్‌కి పోస్ట్ చెయ్యాలి. తర్వాత నెక్స్ట్ పార్ట్ కథ మేమే అల్లాలి. 2015లో 'రోగ్ నేషన్' వచ్చినప్పుడు, ఫస్ట్ ఇయర్‌లో చేరిన కొత్తలో మొదలైన అలవాటిది. అప్పటికి నేను థియేటర్లో చూసింది నాలుగోది ఒక్కటే. మొదటి మూడూ సిరిసిల్లగాడి హార్డ్ డిస్క్ పుణ్యం.

లాస్ట్ ర్యాంక్ గురించి ఏనాడూ గొడవ లేదు. అది 2000లో జాన్ వూ తీసిన రెండోదే. స్లో మోషన్‌లో జుట్టు ఎగరడం, పావురాలు, గాల్లో ఢీకొనే బైకులు. నిజానికి మన మాస్ సినిమాకి బాగా దగ్గరగా ఉన్నది ఇదే, అందుకే టీవీలో వస్తే ముగ్గురం ఛానల్ మార్చం. కానీ ర్యాంక్ మాత్రం ఆఖరిదే. పాపం అందులో విలన్‌గా చేసిన డూగ్రే స్కాట్, ఈ షూటింగ్ ఆలస్యమవడం వల్లే వుల్వరీన్ పాత్ర పోగొట్టుకున్నాడు. అది హ్యూ జాక్‌మన్‌కి వెళ్లింది. ఆ తర్వాత సంగతి మీకు తెలుసు.

నెల్లూరుగాడి ఫస్ట్ ర్యాంక్ ఎప్పుడూ 'ఘోస్ట్ ప్రోటోకాల్'. 2011. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా మీద పాకే సీన్ వల్ల అనుకుంటారు. కాదు. "అందులో ఒక్క వస్తువన్నా పనిచేసిందంట్రా?" అంటాడు. నిజమే. గ్లవ్ ఫెయిల్. మాస్క్ తయారుచేసే మెషీన్ ఫెయిల్. ప్లాన్ మొత్తం ఫెయిల్. ఉన్నదాంతో నెట్టుకొస్తారు. వాడి లెక్కలో అది స్పై సినిమా కాదు, రిలీజ్ నైట్ గురించి తీసిన సినిమా. ఐటీలో ఉన్నవాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు. విలన్ వీక్ అని నేనంటే, "రిలీజ్ నైట్‌కి విలన్ ఎందుకబ్బా" అని ఎదురు ప్రశ్న.

విలన్ కావాలంటే మూడోది చూడాలి. ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్ అరవడు, పరిగెత్తడు. పది లెక్కపెడతాడంతే. సినిమా మొదటి సీన్‌లోనే ఆ పది అంకెలకి మన చేతులు చల్లబడతాయి. అయినా అది మా ముగ్గురి లిస్టులోనూ నాలుగూ ఐదుల మధ్యే తిరుగుతుంది, ఎందుకో.

నా ఫస్ట్ ర్యాంక్ 'ఫాల్‌అవుట్'. 2018లో ఫైనల్ ఇయర్ మొదలైనప్పుడు చూశాం. 2017లో లండన్‌లో ఒక బిల్డింగ్ మీంచి ఇంకో బిల్డింగ్ మీదికి దూకుతూ టామ్ క్రూజ్ చీలమండ విరగ్గొట్టుకున్నాడు కదా, ఆ షాట్ సినిమాలో అలాగే ఉంది. గోడకి తగిలి, పైకి లేచి, కుంటుకుంటూ పోతాడు. ఒక్క హేలో జంప్ సీన్ కోసం నూటికి పైగా సార్లు విమానంలోంచి దూకాడు. కథలో కశ్మీర్ అని చూపించే హెలికాప్టర్ ఛేజ్ తీసింది న్యూజిలాండ్‌లో. ఇవన్నీ నేను నిద్రలో లేపినా చెప్తాను.

కానీ నేను దాన్ని పైన పెట్టడానికి కారణం వేరే. మొదట్లో బెర్లిన్‌లో ఒక సీన్ ఉంటుంది. ఒకవైపు ప్లుటోనియం, ఇంకోవైపు తలకి గన్ పెట్టించుకుని నిలబడ్డ లూథర్. ఈథన్ లూథర్‌ని కాపాడుకుంటాడు, ప్లుటోనియం పోతుంది. మిగతా సినిమా అంతా ఆ ఒక్క నిర్ణయానికి కట్టిన ఫైన్. ఫ్రెండ్‌ని వదలనివాడి సినిమా అని నేను గ్రూప్‌లో పేజీలకు పేజీలు రాశాను. ఆ మాట కాసేపు గుర్తుంచుకోండి.

ఇక సిరిసిల్లగాడు. వాడు పదేళ్లుగా 1996 నాటి మొదటి సినిమాకే ఫస్ట్ ర్యాంక్. బ్రయాన్ డి పాల్మా తీసింది. అందరికీ గుర్తుండేది అదే కదా, లాంగ్లీలో సీఐఏ ఆఫీస్ తెల్ల గది, పైనుంచి తాడు, నేలకి చెయ్యంత ఎత్తులో ఆగిపోయే టామ్ క్రూజ్. మాట లేదు, మ్యూజిక్ లేదు. గ్లాసు మీంచి జారే చెమట చుక్క ఒక్కటీ కింద పడకూడదు. ఇప్పుడు ఇన్ని కోట్లు పెట్టి తీస్తున్నారు గానీ ఆ నిశ్శబ్దం మళ్లీ రాలేదని వాడి వాదన.

ఆ గదిలో రోజూ కూర్చునే ఆఫీసర్ ఒకడుంటాడు. పేరు విలియం డన్లో. కాఫీలో ఏదో కలిపేస్తారు, పాపం వాంతులతో బాత్రూమ్‌కీ సీటుకీ తిరుగుతుంటాడు. వచ్చి చూస్తే టేబుల్ మీద దిగబడిన కత్తి. ఫైల్ పోయింది. సాయంత్రానికల్లా వాణ్ణి అలాస్కాలో రాడార్ టవర్ దగ్గరికి పంపెయ్యమని బాస్ ఆర్డర్. అంతే, వాడి కథ ఖతం. హాస్టల్లో ఆ ముక్కకి మేం పడీ పడీ నవ్వాం. ఎవడైనా ఇంటర్నల్స్‌లో ఫెయిలైతే "అలాస్కా పోరా" అనేవాళ్లం.

2019లో క్యాంపస్ ప్లేస్‌మెంట్లో నేనూ సిరిసిల్లా ఒకే కంపెనీలో, ఒకే టీమ్‌లో చేరాం. నెల్లూరుగాడు ఎంఎస్‌కి డల్లాస్ వెళ్లాడు. 2020 లాక్‌డౌన్‌లో మియాపూర్‌లో ఇద్దరం ఒకే ఫ్లాట్‌లో, ఒకే డైనింగ్ టేబుల్ మీద వర్క్ ఫ్రమ్ హోమ్. ఒక శుక్రవారం రాత్రి ప్రొడక్షన్‌లో చిన్న డేటా మార్పు చెయ్యాలి. నా యాక్సెస్ రిక్వెస్ట్ ఇంకా అప్రూవ్ కాలేదు. వాడు లేచి స్నానానికి పోతూ, "నా లాగిన్ ఓపెన్ ఉంది, నువ్వు కొట్టెయ్" అన్నాడు.

కొట్టేశాను. 'వేర్' కండిషన్ పెట్టకుండా. ఒక్క కస్టమర్ ఆర్డర్ స్టేటస్ మారాల్సిన చోట అందరిదీ మారిపోయింది. వాడు తల తుడుచుకుంటూ వచ్చేసరికి స్క్రీన్ మీద వరసలు వరసలుగా రోలు మారి కూర్చుంది. బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చేసరికి తెల్లారింది.

సోమవారం కాల్. లాగ్‌లో ఉన్నది వాడి ఐడీ. ఎవరు చేశారని మేనేజర్ అడిగాడు. టేబుల్‌కి అవతల నుంచి వాడు నా వైపు చూశాడు. నెల తర్వాత నా కన్ఫర్మేషన్ ఉంది. ఇంట్లో చెల్లి ఫీజు ఉంది. ఇవి అప్పుడు కారణాల్లా అనిపించాయి. నేను మ్యూట్‌లో ఉన్నాను. మ్యూట్‌లోనే ఉండిపోయాను. వాడు "నాదే సార్" అన్నాడు. రెండు నెలల తర్వాత వాణ్ణి టీమ్ నుంచి తీసేసి నైట్ షిఫ్ట్ మానిటరింగ్‌కి వేశారు. ఆఫీసులు తెరిచాక పుణె పంపారు. మూడేళ్లు రాత్రిళ్లే. అక్క పెళ్లికి వాడికి దొరికింది ఒక్క రోజు సెలవు.

ఆ విషయం మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నెల్లూరుగాడికి అసలు తెలియదు. 2023 జులైలో 'డెడ్ రెకనింగ్' వచ్చినప్పుడు కూడా యథావిధిగా ర్యాంకులు పెట్టుకున్నాం. నార్వే కొండమీంచి బైక్ జంప్ షూటింగ్ మొదటి రోజే తీశారట, హీరోకి ఏమన్నా అయితే మిగతా ఖర్చు మిగులుతుందని మా జోక్. ఇల్సాని చంపేసినందుకు నెల్లూరుగాడు వారం రోజులు దర్శకుణ్ణి తిట్టాడు. ఇల్సా లేకపోతే ఈ సిరీస్ సగమే అని నేనూ ఒప్పుకుంటా. తొమ్మిది రోజులకే 'ఓపెన్‌హైమర్', 'బార్బీ' వచ్చి పెద్ద స్క్రీన్లు ఎగరేసుకుపోయాయి.

'ద ఫైనల్ రెకనింగ్' అమెరికా కంటే ఆరు రోజుల ముందే, 2025 మే 17న ఇక్కడ రిలీజైంది. సిరిసిల్ల పుణె నుంచి వచ్చాడు. ప్రసాద్స్‌లో పొద్దున షో. మొదటి గంట పాత పార్టుల క్లిప్పులతో సాగదీశారు, అది ఒప్పుకోవాల్సిందే. ఎనిమిది సినిమాల్లోనూ టామ్ క్రూజ్‌తో పాటు ఉన్న ఒకే ఒక్కడు వింగ్ రేమ్స్, ఆ లూథర్‌ని కూడా చంపేశారు. నాకు గొంతు పట్టేసింది. ఆ తర్వాత టీమ్ బేరింగ్ సముద్రంలో మంచు కప్పిన ఒక దీవికి వెళ్తుంది. గుడిసె తలుపు తీసింది ఎవరో మొదట ఎవరికీ అర్థం కాలేదు.

డన్లో. ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత, అదే నటుడు, రోల్ఫ్ శాక్సన్.

నా పక్క సీట్లో సిరిసిల్ల ముందుకు వంగి కూర్చున్నాడు. తెర మీద డన్లోకి ఈథన్ మీద కోపం లేదు. ఇక్కడికి పంపడం వల్లే తపీసా దొరికింది, భార్య అయింది, జీవితం బాగుంది అంటాడు. ఆ రోజు టేబుల్ మీద దొరికిన కత్తిని దాచి ఉంచి తిరిగిచ్చేస్తాడు. థియేటర్లో చప్పట్లు. నేను కొట్టలేదు. సబ్‌మెరైన్ సీన్ ఈ సిరీస్‌లోనే గొప్ప సీన్లలో ఒకటని అందరూ అంటున్నారు, నిజమే అయ్యుంటుంది. రెండోసారి వెళ్లినప్పుడే దాన్ని సరిగ్గా చూడగలిగాను.

బయట పార్కింగ్‌లో వాడే అన్నాడు, నవ్వుతూనే. "డన్లోకి ఆడ తపీసా దొరికింది. నాకేం దొరికిందిరా? అసిడిటీ."

సారీ అన్నాను. ఐదేళ్లు లేటుగా. "గిప్పుడెందుకు తియ్" అని బైక్ ఎక్కేశాడు.

డల్లాస్‌లో సినిమా వచ్చేదాకా గ్రూప్‌లో స్పాయిలర్లు నిషేధం కాబట్టి ఆరు రోజులు అంతా మౌనం. నాకది చాలా పొడవైన వారం. నెల్లూరుగాడు చూసిన రాత్రే వీడియో కాల్ పెట్టాడు. వచ్చీ రాగానే, "ఏంది సిరిసిల్లా, నీలాగే వాణ్ణి కూడా అలాస్కా తోలారుగా!" అని నవ్వాడు. వాడి దృష్టిలో అది పాత హాస్టల్ జోకే. నేను అప్పుడు చెప్పేశాను. లాగిన్, క్వెరీ, మ్యూట్, అంతా.

నెల్లూరుగాడు కాసేపు ఏమీ అనలేదు. "ఐదేళ్లా రా?" అని కాల్ కట్ చేశాడు.

మర్నాడు ర్యాంకుల టైమ్‌కి ముగ్గురి పోస్టులూ వచ్చాయి. సిరిసిల్ల ఫస్ట్ ర్యాంక్ ఎప్పటిలాగే 1996. నెల్లూరు లిస్టులో 'ఫాల్‌అవుట్' ఎనిమిదో స్థానంలో ఉంది. పావురాల సినిమా కంటే కింద. కారణం రాయలేదు, నేను అడగలేదు. నా లిస్టులో 1996 మొదటిసారి పైకి వచ్చింది. మా పాత మేనేజర్‌కి జరిగింది జరిగినట్టు మెయిల్ పెట్టాను, ఆయన కూడా కంపెనీ మారిపోయాడు, జవాబు రాలేదు.

మిగిలింది తొమ్మిదో పార్ట్. కథ అల్లడానికి వారం తర్వాత కాల్‌లో కూర్చున్నాం. నెల్లూరుగాడి ప్లాన్‌లో బెంజీ టీమ్ లీడర్, చివరి పార్ట్‌లో ఆ బాధ్యత ఎలాగూ అతనికే వచ్చింది కదా. గ్రేస్ హీరోయిన్ కాదు, హీరో. ఈథన్ కనిపించడు. మిషన్ చెప్పి ఐదు సెకన్లలో కాలిపోయే మెసేజ్‌లో గొంతు మాత్రం అతనిది. నాకు నచ్చింది. అరవై దాటిన మనిషిని ఇంకా విమానం రెక్కకి వేలాడదీయక్కర్లేదు.

సిరిసిల్ల చాలాసేపు విన్నాడు. తర్వాత, "ప్రపంచాన్ని కాపాడుడు సాలిగ. ఒక్కటే గది పెట్టుర్రి. చప్పుడు రావద్దు. ఒక ఫైల్ తేవాలె. కాకపోతే ఒక కండిషన్" అన్నాడు.

"ఏందది?"

"మిషన్ అయినంక గా కుర్చీల కూసున్నోడి నౌకరి పోవద్దు. గట్ల తీస్తే గది ఇంపాజిబుల్."

నెల్లూరుగాడు వెంటనే పట్టుకున్నాడు. అయితే ఫైల్ పోయినట్టే తెలియకూడదు, లాగ్‌లో ఎంట్రీ పడకూడదు, పడినా వాడి పేరు మీద పడకూడదు. నేను వైట్‌బోర్డ్ షేర్ చేసి బాణాలు గీయడం మొదలుపెట్టాను. ఎంట్రీ ఎవరి పేరు మీద పడాలన్న దగ్గర ఆగాం. బెంజీ పేరు మీద వెయ్యమని నెల్లూరు. అప్పుడు బెంజీ టీమ్ లీడర్ ఎలా అవుతాడని సిరిసిల్ల. రాత్రి ఒంటిగంట దాటింది, నెల్లూరుకి మధ్యాహ్నం మీటింగ్ ఉంది. సెకండ్ హాఫ్ వచ్చే శనివారానికి వాయిదా వేశాం.