ఉన్మత్తశబ్దము – ఔషధవికారము

అమరసింహుడు వనౌషధివర్గమున ఉమ్మెత్తకు చెప్పిన పర్యాయములలో ఉన్మత్త, కితవ, ధూర్త శబ్దములు కలవు. పాఠశాలలో వల్లెవేయు బాలునకు ఇవి చెట్టు పేర్లు మాత్రమే. పిచ్చివాడు, జూదరి, మోసగాడు అను మాటలు ఒక మొక్కకు ఏల వచ్చినవని అడుగువారు అరుదు. మొక్క పిచ్చిది కాదు. దానిని తిన్నవాడు పిచ్చివాడగును. నేతిని ఆయువనునట్లు, కార్యమునకు చెందిన మాటను కారణమునకు పేరుగా పెట్టిరి. ధూర్త, కితవ శబ్దములు మాత్రము బాటసారులకు దీని గింజలు తినిపించి దోచుకొను దొంగలను తలపించును.

ఉన్మత్తశబ్దమునకు తద్భవమైన ఉమ్మెత్త, గుంటూరు, ప్రకాశము ప్రాంతముల నల్లరేగడి చేల గట్లపై తనంత తానే మొలచును. వినాయకచవితినాడు ఏకవింశతిపత్రములలో ఒకటిగా ఇంటికిని వచ్చును. ఉపవిషములలో చేర్చబడినను వైద్యులు దీనిని విడువలేదు. గింజలను గోమూత్రాదులచే శోధించి వాడిరి. శ్వాసరోగమునకు వాడు కనకాసవములోని కనకము బంగారము కాదు, ఉమ్మెత్తయే.

ద్రవ్యము బుద్ధిపై చేయు పనిని శార్ఙ్గధరుడు పూర్వఖండమున నిర్వచించెను. బుద్ధిని లోపింపజేయునది మదకారి. మద్యము దానికి ఉదాహరణము. జీర్ణము కాకమునుపే దేహమంతట వ్యాపించి, పిదప పాకము చెందునది వ్యవాయి. గంజాయి, నల్లమందు అట్టివి. మొదటిది ఫలమును బట్టి చేసిన లక్షణము, రెండవది కాలక్రమమును బట్టి చేసినది. ఔషధము ఎప్పుడు పనిచేయునను విచారము రెండవదానియందే కలదు.

ఈ కాలవిచారము సుశ్రుతసంహిత కల్పస్థానము ఏడవ అధ్యాయమున మరింత స్పష్టము. పిచ్చికుక్క కరచినవానికి వెంపలి వేరు, అందులో సగము ఉమ్మెత్త, బియ్యముతో నూరి, ఉమ్మెత్త ఆకులలో చుట్టి అప్పము చేసి తినిపింపుమనెను. ఆ ఔషధము జీర్ణమగుచుండగా రోగి కుక్కవలె వికారములు చూపుననియు, అప్పుడతనిని చల్లని, నీరులేని ఇంట ఉంచవలెననియు చెప్పెను. అణగియున్న విషమును ఔషధము ముందుగా ప్రకోపింపజేయుటయే దీనికి కారణమని సుశ్రుతుని మతము. నేటి దృష్టికి ఆ వికారములో అధికభాగము ఉమ్మెత్త చేసిన పనియే అని తోచును. నీరు లేకుండుట జలభయమునకు సరిపడును. చల్లదనము ఉమ్మెత్తకు సరిపడును, ఏలనన అది చెమటను ఆపి ఒంటివేడిని పెంచును. పరిశీలనము సత్యము; కారణనిర్దేశమే తప్పినది. (కుక్కకాటునకు నేడు టీకాయే శరణ్యము, ఈ అప్పమును ఎవరును ప్రయోగింపరాదు.)

రోగము చేసినదేది, ఔషధము చేసినదేది అను ఈ సందేహము ప్రత్తి, మిరప పండించు ఈ సీమలో నేటికిని ప్రాణములతో ముడిపడియున్నది. ఇచ్చట మందు అను మాట వైద్యుడిచ్చుదానికిని, చేనిపై కొట్టుదానికిని, సారాయికిని ఒక్కటే. 1987-88లో తెల్లదోమ వలన ప్రత్తి నాశనమైనప్పుడును, 1997-98లో పంటలు పోయినప్పుడును, అప్పులపాలైన రైతులు పెక్కురు చేనికై కొన్న మందుకే బలియైరి. త్రాగకయే, పిచికారీ చేయుచు దాని బారిన పడు కూలీలును కలరు.

ఆర్గానోఫాస్ఫరస్ జాతి పురుగుమందుల పని ఇట్టిది. నాడుల సందేశమును అందించు ఎసిటైల్‌కోలిన్ అను ద్రవ్యము, తన పని ముగియగానే ఒక ఎంజైముచే విరువబడవలయును. విషము ఆ ఎంజైమును బంధించును. ఎసిటైల్‌కోలిన్ పేరుకొనిపోగా కనుపాపలు సూదిమొనలంతగా ముడుచుకొనును. చెమటయు చొంగయు కారును. ఊపిరితిత్తులు ద్రవముతో నిండి శ్వాస ఆడదు. దీనికి విరుగుడు అట్రోపిన్. 1831లో మైన్ అను జర్మను ఔషధకారుడు దీనిని బెల్లడోనా వేరునుండి వేరుచేసెను. ఉమ్మెత్తయందును ఇది కలదు. ఎసిటైల్‌కోలిన్ తాకవలసిన చోటును ఇది ముందే ఆక్రమించుకొనును. ఊపిరితిత్తులలోని తడి ఆరి శ్వాస ఆడును. కనకాసవము శ్వాసరోగమునకు ఏల పనికివచ్చెనో ఇందువలన కొంత తెలియును.

అయితే మోతాదు మించినచో ఉన్మత్తశబ్దము సార్థకమగును. రోగి లేనివారితో మాటలాడును, దుప్పటిని పీకును, గాలిలో ఏవో ఏరును. విషము తలకెక్కినదని బంధువులు భయపడుదురు. గాలి సోకినదనువారును కలరు. వైద్యుడు కూడ అట్లే భ్రమించి అట్రోపిన్ పెంచినచో మేలుకు మారు కీడగును. భేదము తెలుపునది మాటతీరు కాదు, దేహము. కనుపాప ముడిచి, ఒడలు తడిసి, నాడి మందగించియున్నచో పురుగుమందు ప్రాబల్యము. కనుపాప విచ్చి, నోరెండి, ఒడలు పొడిగా కాలుచు, నాడి వేగముగానున్నచో అట్రోపిన్ ప్రాబల్యము. మొదటిదానికి ఔషధము పెంచుదురు. రెండవదానికి కొంతసేపు ఆపి, రోగిని చల్లబరచి, పిదప తగ్గించి ఇత్తురు.

ఇంత పోలిక యున్నదని ఉమ్మెత్తరసమునే విరుగుడుగా పోయబూనుట సాహసము. ఒక్కొక్క మొక్కయందు, ఒక్కొక్క కాయయందు సారము వేరుగానుండును. ఆసుపత్రిలో అట్రోపిన్‌ను నిమిషముల తేడాతో, ఊపిరిని వినుచు, కొలిచి పెంచుదురు; చేటలోని గింజలకు ఆ కొలత లేదు.