మీట నొక్కువారు లేనివేళ

కంప్యూటరు అనగానే మనకు మూడు వస్తువులు తలపునకు వచ్చును: ఒక పెట్టె, ఒక తెర, ఒక కీబోర్డు. అయితే నేడు పనిచేయుచున్న కంప్యూటర్లలో అనేకమువాని యెదుట మనిషి కూర్చుండడు. బ్యాంకుల లెక్కలు చూచునవి, రైలు టిక్కెట్ల వివరములు భద్రపరచునవి, రేడియో కేంద్రములలో ముందుగా రికార్డు చేసిన పాటలను వేళకు అందించునవి, ఇవి తలుపు మూసిన గదులలో ఒంటరిగా పనిచేయుచుండును. ఇట్టి యంత్రము కీబోర్డు లేకయే, కరెంటు వచ్చిన వెంటనే తనంతట తాను లేచి పనిలో ప్రవేశించునట్లు చేయుట ఎట్లు? వినుటకు ఇది చిన్న ప్రశ్న. దాని విలువ మాకు ఒక తెల్లవారుజామున తెలిసినది.

అది వర్షకాలము. రాత్రి కరెంటు పోయినది. పాటల నందించు కంప్యూటరునకు ఆధారముగా ఉంచిన బ్యాటరీ తన శక్తి ఉన్నంతవరకు నిలిచి, ఆపై చేతులెత్తివేసినది. వేకువకు కరెంటు తిరిగి వచ్చినది. యంత్రములో దీపము వెలిగినది. పాట మాత్రము రాలేదు. డ్యూటీలో నున్నవారు మరియొక గది నుండి తెరను తెచ్చి తగిలించి చూడగా, కీబోర్డు కనబడలేదనియు, ముందునకు సాగుటకు ఎఫ్1 మీటను నొక్కవలసినదనియు దానిపై వ్రాసి యున్నది. కొన్నాళ్ల క్రిందట ఆ కీబోర్డును ప్రక్క గదిలోని అవసరమునకై ఎవరో తీసికొని పోయిరి. లేని పలకపై మీట నొక్కుమనుచు యంత్రము రాత్రి నుండి వేచియున్నది! మరియొక కీబోర్డు వెదకి తెచ్చులోపల ఉదయ కార్యక్రమపు తొలి నిమిషములు మౌనముగా గడిచిపోయినవి. రేడియో చెడినదేమో యని తమ యింటి పెట్టెను తట్టి చూచిన శ్రోతలు ఎందరో యుందురు.

యంత్రము అవివేకముగా ప్రవర్తించినదా? కాదు. దాని వైపు నుండి ఒకసారి ఆలోచింతము.

కరెంటు అందగానే కంప్యూటరులోని ప్రాసెసరు ఒక నియమిత స్థానము నుండి ఆజ్ఞలను చదువ నారంభించును. ఆ స్థానమున, మదర్‌బోర్డుపై నున్న ఒక చిన్న చిప్పులో, కరెంటు పోయినను చెరిగిపోని ప్రోగ్రాము ఒకటి ఉండును. దానిని బయోస్ అందురు. నేటి యంత్రములలో దాని స్థానమును యు.ఇ.ఎఫ్.ఐ. అను నూతన ఏర్పాటు ఆక్రమించినది. దీని మొదటి పని ఆత్మపరీక్ష. బస్సు కదలుటకు ముందు కండక్టరు తలలు లెక్కించుకొనునట్లు, ఇది మెమరీ, డిస్కు మొదలైన భాగములు ఉన్నవో లేవో చూచుకొనును.

కీబోర్డు కూడ ఆ లెక్కలో చేరినదే. అది వట్టి మీటల పలక కాదు. దానిలోపల కూడ ఒక చిన్న ప్రాసెసరు కలదు. 1984లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన ఏ.టి. కంప్యూటరు ఏర్పరచిన పద్ధతి యిది: కంప్యూటరు 255 అను సంఖ్యను కీబోర్డునకు పంపును. కీబోర్డు 250 అని బదులు పలుకును. అనగా ‘మాట వింటిని’ అని అర్థము. పిమ్మట తన్ను తాను పరీక్షించుకొని 170 అను సంఖ్యను పంపును; అనగా ‘నేను కుశలము’ అని. కొంత వ్యవధిలోపల ఆ కుశలవార్త రాకున్నచో దోషమున్నట్లు కంప్యూటరు నిర్ణయించుకొనును. అంతకు ముందే, 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు ఈ దోషమునకు గుర్తుగా 301 అను సంఖ్యను తెరపై చూపెడిది.

ఆ కాలమున పర్సనల్ కంప్యూటరు ఒక వ్యక్తి యెదుట బల్లపై ఉండుటకై పుట్టిన యంత్రము. కీబోర్డు లేనిచో దానితో ఏ పనియు జరుగదు. కావున ఆగి తెలియజేయుటయే ఉచితము. ఎఫ్1 నొక్కుమనుట కూడ అర్థము లేని మాట కాదు. వదులైన తీగను సరిగా గ్రుచ్చి ఆ మీటను నొక్కినచో, కీబోర్డు బాగుపడినదని అప్పుడే రుజువగును. యెదుట మనిషి ఉన్నాడను నమ్మకముపై ఈ ఏర్పాటంతయు నిలిచియున్నది. మనిషిని తొలగించి, నమ్మకమును మాత్రము మార్చకుండుట మా పొరపాటు.

దీనిని మార్చుటకు ఒక్కసారి కీబోర్డు కావలెను. కంప్యూటరు లేచునపుడు డిలీట్ లేక ఎఫ్2 మీటను నొక్కినచో పెక్కు యంత్రములలో సెటప్ పుట తెరచుకొనును. పాత బయోస్‌లలో ‘హాల్ట్ ఆన్’ అను వరుస కనబడును. ఏ దోషము కనబడినపుడు ఆగవలెనో అచ్చట చెప్పవచ్చును. ‘ఆల్ ఎర్రర్స్’ అన్నచో ప్రతి దోషమునకు ఆగును. ‘ఆల్, బట్ కీబోర్డ్’ అన్నచో కీబోర్డు సంగతి విడిచి తక్కినవానికి ఆగును. ‘నో ఎర్రర్స్’ అన్నచో దేనికిని ఆగదు. కొన్ని యంత్రములలో దోషము కనబడినపుడు ఎఫ్1 కొరకు వేచియుండవలెనా యని అడుగు వరుస ఉండును. దానిని ‘డిసేబుల్డ్’ చేయవలెను. ఎన్నుకొను అవకాశమున్నచో మేము రెండవదానినే కోరుదుము. కీబోర్డు మౌనమును మన్నింపవచ్చును గాని, ఇతర భాగముల మొరను కూడ వినననుట క్షేమము కాదు.

ఇంతటితో పని ముగియదు. కరెంటు పోయి వచ్చినపుడు ఏమి చేయవలెనో చెప్పు మరియొక వరుస అదే సెటప్‌లో సాధారణముగా ఉండును. దానిని ‘పవర్ ఆన్’ అని మార్చనిచో, కొన్ని యంత్రములు మీట నొక్కువరకు నిద్రలోనే ఉండును. ఈ నిర్ణయములను అనేక యంత్రములలో రూపాయి బిళ్ల వంటి 3 వోల్టుల బ్యాటరీ కాపాడుచుండును. ఏండ్లు గడచి అది క్షీణించినచో, మనము చెప్పిన మాటలన్నియు మరచి యంత్రము పూర్వస్థితికి పోవును. మరల ఎఫ్1 అడుగును. కావున ఆ బిళ్లను అదనుచూచి మార్చవలెను.

బయోస్ దాటిన పిదప ఆపరేటింగ్ సిస్టము వచ్చును. డిస్కు తెరచుటకు అది పాస్‌వర్డు అడిగినచో, అచ్చట కూడ యంత్రము నిలిచిపోవును. దూరము నుండి ఆజ్ఞలిచ్చుటకు 1995లో ఫిన్లాండున పుట్టిన ఎస్.ఎస్.హెచ్. వంటి మార్గమును ముందే తెరచి, దానికి గట్టి పాస్‌వర్డును ఏర్పరుపవలెను. 2012లో ఇంగ్లండున వెలువడిన రాస్ప్‌బెర్రీ పై వంటి అరచేతి కంప్యూటర్లకు బయోస్ సెటప్ పుట లేదు. అవి కీబోర్డు కొరకు ఆగవు. ఇంటిలోని పాత పాటలను, ఛాయాచిత్రములను భద్రపరచుకొని, ఏ గదిలో నుండియైనను వినదలచిన, చూడదలచినవారికి ఇట్టివి అనుకూలములు. పాత కంప్యూటరునే అందులకు వాడదలచినవారు పైన చెప్పిన వరుసలను మరువరాదు.

చివరిమాట: సెటప్ మార్చితిమని తృప్తిపడి లేచి పోరాదు. కీబోర్డును, తెరను తీసివేయుడు. గోడవద్ద స్విచ్చి ఆపుడు. ఒక నిమిషము తాళి మరల వేయుడు. ఏ మీటయు తాకక, పాట వచ్చువరకు చెవియొగ్గి వినుడు. పాట వచ్చినచో పని పూర్తియైనట్లు; రానిచో, ఆ లోపము పగటివేళ మన యెదుటనే బయటపడినందుకు సంతోషింపవలెను. మేము ఈ పరీక్ష చేయక విడిచితిమి. అందుచేతనే మాకు బదులు ఆ వానరాత్రి దానిని చేసినది.