మంటా? అడ్డా? నొప్పా?

ఛాతీలో మండితే మన ఇళ్లలో డాక్టరు అక్కర్లేకుండానే జబ్బు పేరు తేలిపోతుంది... గ్యాస్! మందుల షాపులో ఓ స్ట్రిప్పు కొనుక్కుని పరగడుపున మాత్ర వేసేసుకుంటాం. తగ్గితే గ్యాసే అన్నమాట. తగ్గకపోతే గ్యాస్ బాగా ముదిరిందన్నమాట!

గొంతు నుంచి జీర్ణాశయం దాకా సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండే కండర గొట్టం అన్నవాహిక. దాని లోపొర వాస్తే డాక్టర్లు ఈసోఫజైటిస్ అంటారు. పైకి ఎగదన్నిన యాసిడ్ వల్ల వాయొచ్చు. అలర్జీ వల్లో, అక్కడే ఇరుక్కుపోయిన మాత్ర వల్లో, ఫంగస్, వైరస్‌ల వల్లో కూడా వాయొచ్చు. ఒకదానికి వేసే మందు ఇంకోదాన్ని తెచ్చిపెట్టడమూ ఉంది. అలర్జీ రకానికి మింగించే స్టెరాయిడ్‌తో కొందరికి అన్నవాహికలో ఫంగస్ పడుతుంది. అందుకే వాపు ఉందని చెప్పి ఊరుకుంటే చాలదు, ఎందుకొచ్చిందో తేల్చాలి.

సగం సంగతి రోగి మాటల్లోనే దొరుకుతుంది. తిన్నాక రొమ్ము ఎముక వెనక మంట, పులితేన్పులు, పడుకుంటే గొంతులోకి పుల్లటి నీళ్లు... ఇవి యాసిడ్ లక్షణాలు. ఎండోస్కోపీలో అన్నవాహిక కింది చివర పైకి పాకిన గీతల్లా పుండ్లు కనిపిస్తాయి. వాటి తీవ్రతను లాస్ ఏంజెలెస్ వర్గీకరణ ప్రకారం ‘ఎ’ నుంచి ‘డి’ వరకు రాస్తారు. చాలామందిలో మంట ఉన్నా ఆ గీతలు కూడా కనబడవు.

మంట కంటే అడ్డు ఎక్కువైతే కథ మారుతుంది. ఓ కుర్రాడికి పాతికేళ్లనుకోండి. భోజనానికి కూర్చుంటే అందరికంటే ఆఖర్న లేస్తాడు. ముద్దకో గుక్క నీళ్లు. అన్నంలో చారు పారేలా పోసుకుంటాడు, చపాతీ జోలికి పోడు, మాంసం ముక్కను నమిలి నమిలి పిప్పి చేస్తాడు. ‘వాడి తిండి నిదానం’ అని ఇంట్లో సరిపెట్టుకుంటారు. చిన్నప్పటి నుంచీ ఆయాసమో తుమ్ములో ఉన్నాయా అని అడిగితే చాలాసార్లు అవుననే సమాధానం వస్తుంది. ఇది అలర్జీ రకమైన ఇయోసినోఫిలిక్ ఈసోఫజైటిస్ కావచ్చు. 1990ల తొలినాళ్లలోగాని దీన్ని విడి జబ్బుగా గుర్తించలేదు. పాశ్చాత్య దేశాలంత కాకపోయినా మన దగ్గరా ఉంది.

దీన్ని పట్టుకోవడంలో చిక్కుంది. గొట్టం లోపల ఉంగరాల్లాంటి వలయాలు, నిలువు చాళ్లు, తెల్లటి చుక్కలు కనిపించొచ్చు, ఏమీ కనిపించకపోనూ వచ్చు. అందుకే పైనుంచీ కిందినుంచీ కనీసం ఆరు చిన్న ముక్కలు తీసి బయాప్సీకి పంపాలి. ఇయోసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలకు ఆరోగ్యమైన అన్నవాహిక పొరలో పనే లేదు. సూక్ష్మదర్శిని కింద ఎక్కువ పవర్‌లో కనిపించే ఒక్క వీక్షణ క్షేత్రంలో అవి 15, అంతకు మించి కనబడితే అనుమానం బలపడుతుంది. యాసిడ్ వల్లా ఇవి కొంత చేరతాయి కాబట్టి లక్షణాలనూ కలిపి చూడాలి. బయాప్సీ చేయకుండా ‘ఎండోస్కోపీ నార్మల్’ అని ఇచ్చే రిపోర్టు ఇలాంటివాళ్లకు కొరగాదు.

ఇంకో తిరకాసు మన గ్యాస్ మాత్రతోనే. యాసిడ్ తగ్గించే ఆ మాత్రకు ఈ అలర్జీ రోగుల్లోనూ చాలామంది తేరుకుంటారు. కాబట్టి మాత్రతో తగ్గింది గనక అది యాసిడే అనే లెక్క చెల్లదు. 2018లో నిపుణులు ఆ లెక్కను నిర్ధారణ నియమాల్లోంచే తీసేశారు. మాత్రకు లొంగకపోతే మింగే స్టెరాయిడ్ ఉంది, పాలు, గోధుమ వంటివి మాన్పించి చూసే పద్ధతీ ఉంది.

ఇక మూడోది నొప్పి. నిన్నటిదాకా బాగున్న మనిషి తెల్లారేసరికి ఉమ్మి మింగాలన్నా విలవిల్లాడితే రాత్రి ఏ మాత్ర వేసుకున్నాడో అడగాలి. మొటిమలకిచ్చే డాక్సీసైక్లిన్‌ను గుక్కెడు నీళ్లతో వేసుకుని వెంటనే పడుకుంటే, మహాధమని ఒత్తే చోట అది ఆగి అక్కడే కాలుస్తుంది. ఎముకల బలానికిచ్చే అలెండ్రోనేట్, నొప్పి మాత్రలు, ఐరన్, పొటాషియం మాత్రలూ ఇదే పని చేస్తాయి. గ్లాసుడు నీళ్లు తాగి, అరగంట నడుం వాల్చకుండా ఉంటే చాలావరకు తప్పించుకోవచ్చు.

మధుమేహం అదుపులో లేనివాళ్లకు, ఆయాసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చేవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ఇలా నొప్పొస్తే ముందు కాండిడా ఫంగస్‌ను అనుమానించాలి. పెరుగు మరకల్లాంటి తెల్లటి పొర దాని గుర్తు. హెర్పిస్ అయితే చిన్న చిన్న పుండ్లు, వాటి అంచు నుంచి ముక్క తీయాలి. సైటోమెగలో వైరస్ అయితే పెద్ద పుండు, దాని అడుగు నుంచి తీయాలి. తీసే చోటు తప్పితే వైరస్ దొరక్కపోవచ్చు.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మీరు వాడే మాత్రలన్నీ పట్టుకెళ్లండి. మెతుకు దిగడం కష్టమైతే ఆ మాట స్పష్టంగా చెప్పి, బయాప్సీ తీస్తారా అని అడగండి. ఛాతీ మంటతో పాటు చెమటలు పట్టినా, ఎడమ చేయి లాగినా ముందు ఈసీజీ. ముద్ద దిగడం రోజురోజుకూ కష్టమవుతున్నా, బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా ఇంకో స్ట్రిప్పు కొనకండి, ఎండోస్కోపీ చేయించుకోండి. క్యాన్సరూ ఇలాగే మొదలవుతుంది.