వార్తల్లో పదం: బిషప్ స్కోర్

కాన్పుకు గర్భాశయ ముఖద్వారం ఎంతవరకు సిద్ధమైందో అంకెల్లో చెప్పేదే బిషప్ స్కోర్. సిజేరియన్లు, మందులతో నొప్పులు తెప్పించడం గురించిన వార్తల్లో ఈ మాట వస్తుంటుంది. అమెరికా ప్రసూతి వైద్యుడు ఎడ్వర్డ్ బిషప్ 1964లో దీన్ని ప్రతిపాదించారు.

నెలలు నిండాక డాక్టర్ వేళ్లతో లోపలి పరీక్ష చేసి ఐదు సంగతులు చూస్తారు. ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుంది? ఎంత పలచబడింది? ఎంత మెత్తబడింది? వెనక్కే ఉందా, ముందుకు వచ్చిందా? బిడ్డ తల ఎంత కిందికి దిగింది? అన్నీ కలిపి 13 మార్కులు. 8 లేదా ఆపైన వస్తే, నొప్పులు తెప్పించినా మామూలు కాన్పు అయ్యే అవకాశం ఎక్కువ. 6 లేదా అంతకంటే తక్కువైతే సాధారణంగా ముందు మందుతోనో, బెలూన్‌తోనో ముఖద్వారాన్ని మెత్తబరుస్తారు.

ఈ స్కోర్ కాన్పు తేదీని చెప్పదు. రెండు సెంటీమీటర్లు తెరుచుకున్నాక కూడా కొందరికి నొప్పులు మొదలవడానికి రోజులు పడుతుంది. మాయ ముఖద్వారానికి అడ్డుగా ఉంటే ఈ పరీక్ష చేయరు. పరీక్ష ఎందుకో, స్కోర్ ఎంతో డాక్టర్‌ను అడగండి. మీ అనుమతితోనే పరీక్ష జరగాలి.