ఆర్గన్ కచేరీకి ఒక వన్స్ మోర్

ఆర్గన్ అనగానే మనవాళ్ళకు రెండే గుర్తుకొస్తాయి. ఒకటి చర్చి, రెండవది ఇంగ్లీషు సినిమాలో పెళ్ళి. ఆ రెండింటితో సంబంధం లేకుండా, ఊరి నడిబొడ్డున హాలులో కూర్చుని వినే కచేరీ వాద్యంగా కూడా ఆర్గన్‌కు ఈ దేశంలో పెద్ద చరిత్రే ఉంది. దాన్ని వాయించే విద్వాంసుల కచేరీల మీద, రికార్డుల మీద పత్రికలలో సమీక్షలు వస్తాయి, బహుమానాలు వస్తాయి. ఉగాది సంచికకు ఏదైనా రాయమని మన సంపాదకవర్గం వారు అడిగినప్పుడు ఆ సమీక్షల గురించే రాద్దామనిపించింది. దానికి కారణం మా అమ్మాయి వేసిన ఒక ప్రశ్న. ఆ సంగతి కాస్త ఆగి చెబుతాను.

నేను వృత్తిరీత్యా మత్తు డాక్టరును. గొట్టాలు, గాలి, దాని ఒత్తిడి, ఇవే నా రోజువారీ సరంజామా. కనుక బర్మింగ్‌హామ్‌కు వచ్చిన కొత్తలో, వేల గొట్టాలలోకి గాలి పంపి పాట పలికించే యంత్రం ఒకటి టౌన్‌హాలులో ఉందని తెలిసినప్పుడు చూసి తీరాలనిపించింది. నైట్ డ్యూటీ ముగిసిన ఒక రోజు మధ్యాహ్నం కచేరీకి వెళ్ళాను. సంగీతం కోసం కాదు, యంత్రం కోసమే వెళ్ళాను. ఆ తరువాత మాత్రం సంగీతం కోసమే వెళుతున్నాను.

ఆ టౌన్‌హాలుకూ మన డాక్టర్లకూ ఒక చుట్టరికం ఉంది. 1834లో తెరిచిన ఆ భవనాన్ని కట్టింది, మూడేళ్ళకొకసారి జరిగే సంగీతోత్సవం కోసం. ఆ ఉత్సవం ఊరి జనరల్ హాస్పిటల్‌కు విరాళాలు పోగు చేయడానికి పుట్టింది. అంటే రోగుల కోసం పాడిన పాట అన్నమాట. అక్కడి ఆర్గన్ విలియం హిల్ నిర్మించినది. మెండెల్సన్ తన ‘ఎలైజా’ను 1846 ఆగస్టు 26న మొదటిసారి వినిపించింది ఆ హాలులోనే. 1996లో మూసిన టౌన్‌హాలును బాగు చేసి 2007లో మళ్ళీ తెరిచారు. దానికి దగ్గరలోనే 1991లో వెలసిన సింఫనీ హాలులో 2001లో ఇంకొక ఆర్గన్ పెట్టారు. జర్మనీలోని బాన్ నగరానికి చెందిన క్లైస్ సంస్థ చేసిన ఆ వాద్యంలో గొట్టాలు సుమారు 6,000.

ఇక అసలు చిక్కుకు వద్దాం. మన సంగీతానికి ప్రాణం గమకం. ఆర్గన్‌లో గమకం లేదు. మెట్టు నొక్కితే గొట్టం పలుకుతుంది, వదిలితే ఆగుతుంది. వీణ తీగలా స్వరాన్ని సాగదీసి ఊపడం కుదరదు. పోనీ, పియానోలా వేలు బరువుగా వేస్తే గట్టిగా, తేలికగా వేస్తే మెల్లగా పలుకుతుందా అంటే అదీ లేదు. కొన్ని గొట్టాల వరుసలను పెద్ద పెట్టెలో ఉంచి, దాని తలుపులను కాలితో తెరిచి మూసే ఏర్పాటు ఉంది కానీ, అది వేలి చేతిలో ఉన్న విద్య కాదు. ఈ వాద్యానికి చిన్న చుట్టమైన హార్మోనియం విషయంలో మనకు ఈ గొడవ పాతదే. అది మన రాగాలకు పనికిరాదని ఢిల్లీ రేడియోలో పనిచేసిన ఇంగ్లీషు సంగీతకారుడు జాన్ ఫోల్డ్స్ 1938లో వ్యాసం రాశాడు. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గానీ ఆ పట్టు సడలలేదు. ఈలోగా మన పద్య నాటకాల వాళ్ళు రేడియోతో నిమిత్తం లేకుండా ఊరూరా హార్మోనియం వాయిస్తూనే ఉన్నారనుకోండి, అది వేరే కథ.

గమకం లేదు, వేలి బరువు పనిచేయదు. మరి ఒక ఆర్గన్ విద్వాంసుడు ఇంకొకరి కంటే గొప్ప అని సమీక్షకులు దేన్ని బట్టి చెబుతారు? కొన్నేళ్ళు కచేరీలు విని, ఆ మరునాడు సమీక్షలు చదివిన మీదట నాకు మూడు సంగతులు తెలిసొచ్చాయి.

మొదటిది కాలం. స్వరాన్ని ఎప్పుడు మొదలుపెట్టామనేది ఎంత ముఖ్యమో, ఎప్పుడు వదిలామనేదీ అంత ముఖ్యం. రెండు స్వరాల మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉంచితే రెండవ స్వరం నొక్కి పలికినట్టు చెవికి తోస్తుంది. గట్టిగా పలికించలేని చోట మౌనంతో గట్టితనం తెస్తారన్నమాట. రెండవది గొట్టాల ఎంపిక. వేణువులా పలికేవి, శన్నాయిలా పలికేవి, బూరలా పలికేవి, ఇలా వరుసలు వరుసలుగా ఉంటాయి. ఏ వాక్యానికి ఏ వరుసలు కలపాలో తేల్చుకోవాలి. ఏ రెండు ఆర్గన్లూ ఒక్కలా ఉండవు కనుక ఊరు మారినప్పుడల్లా ఈ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. మన విద్వాంసులు తమ వీణ తాము తెచ్చుకుంటారు. ఆర్గన్ విద్వాంసుడు బూట్లు తప్ప ఏమీ తెచ్చుకోలేడు. మూడవది గది. రాతి కట్టడంలో స్వరం వదిలిన తరువాత కూడా సెకన్ల కొద్దీ మోగుతుంది. ఆ మోతలో వేగంగా వాయిస్తే అంతా కలగాపులగమే. సింఫనీ హాలులో గోడల వెనుక గదులు కట్టి, వాటి బరువైన తలుపులు తెరిచి మూసి ఈ మోతను పెంచుకునే, తగ్గించుకునే వీలు పెట్టారు. ఎక్కడైనా సరే, గది ఎంత వేగాన్ని ఒప్పుకుంటుందో చెవితో పసిగట్టడం వాయించేవారి పని.

అందుకే మంచి సమీక్షకుడు కృతి ఏది, వాద్యం ఏది, గది ఏది, మనిషి చేసింది ఏది అని విడదీసి చూస్తాడు. ‘అద్భుతం’ అని ఊరుకుంటే అది ఆర్గన్ కట్టినవాడికో, హాలు కట్టినవాడికో కూడా చెందవచ్చు కదా!

మా ఊరి విద్వాంసుడినే తీసుకోండి. థామస్ ట్రాటర్ 1957లో బర్కెన్‌హెడ్‌లో పుట్టారు. కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీలో ఆర్గన్ స్కాలరుగా చదివి, 1979లో సెయింట్ ఆల్బన్స్ అంతర్జాతీయ పోటీలో నెగ్గారు. 1983లో బర్మింగ్‌హామ్ నగర ఆర్గనిస్టు అయ్యారు. మన భాషలో చెప్పాలంటే ఊరికి ఆస్థాన విద్వాంసుడు. 1949 నుంచి ఆ పదవిలో ఉన్న జార్జ్ థాల్బెన్-బాల్ తరువాత ఆయన వచ్చారు. 2023 నాటికి ఆయనకు ఆ పదవిలో నలభై ఏళ్ళు నిండాయి. లిస్ట్ కృతుల రికార్డుకు ఫ్రాన్సు వారి గ్రాం ప్రి దు డిస్క్, 2001 సంవత్సరానికి రాయల్ ఫిల్‌హార్మోనిక్ సొసైటీ వారి ఉత్తమ వాద్యకారుడి పురస్కారం, 2020కి రాణిగారి సంగీత పతకం లభించాయి.

బిరుదులు అలా ఉంచండి. ఆయన కచేరీలో నాకు నచ్చేది ఆర్కెస్ట్రా కోసం రాసిన కృతులను ఒక్క చేతి మీదుగా ఆర్గన్‌పై వినిపించడం. ఇది పందొమ్మిదవ శతాబ్దపు టౌన్‌హాళ్ళ సంప్రదాయం. ఆర్కెస్ట్రా వినే భాగ్యం లేని మామూలు జనానికి ఆ కృతులను ఆర్గన్ మీదనే వినిపించేవారు. లివర్‌పూల్ సెయింట్ జార్జ్ హాలులో డబ్ల్యూ.టి. బెస్ట్ దశాబ్దాల పాటు ఈ పని చేశాడు. ట్రాటర్ వాయిస్తుంటే ఒక చెయ్యి వయొలిన్ల పని, ఒక చెయ్యి వేణువుల పని, కాళ్ళు పెద్ద బేసు తీగల పని చేస్తూ ఉంటాయి. అయినా ఏ గొంతు మాట ఆ గొంతుదిగా విడివిడిగా వినిపిస్తుంది. అదీ మెచ్చుకోవలసిన సంగతి.

రికార్డుల మాటకొస్తే గిలియన్ వియర్ పేరు చెప్పుకోవాలి. 1941లో న్యూజిలాండ్‌లో పుట్టి, చదువు కోసం లండన్ వచ్చి, ఇక్కడే నిలదొక్కుకున్న మనిషి. మనలాంటి వలస పక్షే. 1964లో సెయింట్ ఆల్బన్స్ పోటీ నెగ్గారు. రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్‌కు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. 1996లో ‘డేమ్’ బిరుదు అందుకుని, 2012లో కచేరీలు విరమించారు. ఆమెకు ఎక్కువ ప్రశంస తెచ్చిన వాటిలో ఫ్రెంచి స్వరకర్త ఒలివియె మెసియన్ ఆర్గన్ కృతులన్నిటి రికార్డు ఒకటి. డెన్మార్క్‌లోని ఆర్హుస్ కెథడ్రల్‌లో చేసిన ఆ రికార్డు 1994లో వెలువడింది. అదే స్వరకర్త చివరి పెద్ద ఆర్గన్ కృతిని 1986లో ఈ దేశానికి మొదటిసారి వినిపించిన జెన్నిఫర్ బేట్, పారిస్‌లో ఆయన సొంత చర్చిలో, ఆయన పర్యవేక్షణలోనే దాన్ని రికార్డు చేశారు. ఆమె 2020లో కన్నుమూశారు.

ఈ మెసియన్‌తో మనకు బాదరాయణ సంబంధం కాదు, అసలు సంబంధమే ఉంది. పదమూడవ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు తన ‘సంగీత రత్నాకరం’లో 120 దేశీ తాళాల పట్టిక ఇచ్చాడు. ఆ పట్టిక ఒక ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వం ద్వారా మెసియన్ చేతికందింది. 1951 నాటి ఆయన ‘ఆర్గన్ పుస్తకం’ మొదటి భాగంలో ప్రతాపశేఖర, గజఝంప, సారస అనే మూడు తాళాలు నాటకంలో పాత్రల్లా నడుస్తాయి. ఒకటి పెరుగుతూ ఉంటుంది, ఒకటి తరుగుతూ ఉంటుంది, ఒకటి మారకుండా ఉంటుంది. వియర్ రికార్డులో ఆ భాగం వింటూ నేను తొడ మీద తాళం వేయబోయి రెండు నిమిషాలలోనే చేతులెత్తేశాను. కానీ ఒక్కటి అర్థమైంది. గమకం లేని వాద్యం మీద ఆ మూడు పాత్రలనూ విడివిడిగా నిలబెట్టాలంటే లయ అంత నిక్కచ్చిగా ఉండాలి.

ఇప్పుడు మా అమ్మాయి ప్రశ్న. తను ఇక్కడే పుట్టింది, శనివారాలు కర్ణాటక సంగీతం నేర్చుకుంటుంది. మన సంఘం కార్యక్రమంలో ఒక కీర్తన పాడింది. ఆంటీలు, అంకుల్స్ అందరూ ‘సూపర్’ అన్నారు, ‘బాల కోకిల’ అన్నారు, శాలువా కూడా కప్పారు. కారులో తిరిగి వస్తూ, “అమ్మా, ఏం బాగుందట?” అని అడిగింది. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. తన వంతు తరువాత పాడిన పిల్లవాడికీ, శ్రుతి తప్పిన ఇంకో పిల్లకూ అవే మాటలు, అదే శాలువా దొరకడం తను చూసింది.

మన ప్రేమలో లోపం లేదు. పరాయి దేశంలో మన పాట పాడుతున్నారన్న ఆనందంలో అలా అంటాం. కానీ పిల్లకు కావలసింది తన పాటను ఎవరైనా విన్నారన్న గుర్తు. ‘చరణంలో పైస్థాయికి వెళ్ళినప్పుడు ఊపిరి భలే ఆపావమ్మా’ అని ఒక్కరు అని ఉంటే, అది ఆమెకు పదేళ్ళు గుర్తుండేది.

ఈ విద్య మనకు ఇంగ్లీషు పత్రికలు నేర్పాలా? అక్కర్లేదు. మన నాటకాల రోజుల్లో జనం ‘వన్స్ మోర్’ అని అరిచేవారు. నాటకమంతటికీ కాదు, ఫలానా పద్యానికి, ఫలానా రాగాలాపన ముగిసిన ఆ క్షణానికి. కచేరీలో ముందు వరుస పెద్దాయన సరిగ్గా సమం దగ్గర ‘సెబాసు’ అనేవాడు. ఏం విన్నాడో ఆ ఒక్క మాటలో చెప్పేసేవాడు. బర్మింగ్‌హామ్ సమీక్షకుడు మూడు పేరాలలో చేసేదీ అదే.

ఈసారి సెలవు దొరికినప్పుడు మీ ఊరి టౌన్‌హాలులో ఆర్గన్ కచేరీ ఉందేమో చూడండి. పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. ఇంటికొచ్చేటప్పుడు ‘బాగుందా?’ అని కాకుండా ‘ఏం విన్నావు?’ అని అడగండి. అలాగే ఈ ఉగాది నాడు మన వేదిక మీద పాడే ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ శాలువాతో పాటు మీరు విన్నదేదో ఒక్క మాట చెప్పండి. వాళ్ళు వచ్చే ఏడాది ఇంకా బాగా పాడతారు.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.